సామ్రాజ్యమ్మ గారి వరండా బడి

పక్కింటివాళ్ళు కొత్త తలుపులు చేయించుకుంటున్నారు. వారం రోజులుగా వడ్రంగి మా ప్రహరీకి ఆనుకుని కూర్చుని టేకు చెక్కలు చిత్రిక పడుతున్నాడు. ఆ వాసన కిటికీలోంచి నేరుగా నా టేబుల్ మీదికి వస్తోంది. అందరికీ అది మంచి వాసనేనట, గృహప్రవేశం, పసుపు రాసిన గడప గుర్తుకొస్తాయట. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. భద్రాచలం దారిలో అడవిని ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊళ్ళో, కోర్టు వెనక దొడ్లో, ఎండకు ఎండుతూ వానకు నానుతూ ఏళ్ళ తరబడి పడి ఉన్న ఒకే ఒక్క టేకు దుంగ గుర్తుకొస్తుంది. దాన్ని చూసినప్పుడల్లా మా సీనియర్ సామ్రాజ్యమ్మ గారు తిట్టిన తిట్లు గుర్తుకొస్తాయి. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. ఊరి పేరు కూడా రాయను, అక్కడ నాకు ఇంకా కేసులున్నాయి.

సామ్రాజ్యమ్మ గారిది ఎర్రుపాలెం వైపు. వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, లా చదివి, ఎవరో ఏజెన్సీ కేసు ఒకటి అప్పగిస్తే ఆ అడవి అంచు ఊరికి వచ్చి, ముప్పై ఏళ్ళు అక్కడే ఉండిపోయారు. నల్లకోటు వెలిసి గోధుమరంగుకు వచ్చింది. కొత్తది కుట్టించుకోమంటే, పాతదాన్ని చూసి జాలిపడైనా జడ్జి గారు ఒక వాయిదా తొందరగా ఇస్తారేమోనని అనేవారు. ఆమె విసుక్కోని వస్తువు ఈ లోకంలో లేదు. కోర్టు ఫ్యాను మీద, స్టాంపులు అమ్మేవాడి మీద, మోకాళ్ళ మీద, జూనియర్ల మీద, అందరికంటే ఎక్కువగా తన క్లయింట్ల మీద విసుక్కునేవారు. నేను బొగ్గుగని కార్మికుడి కూతుర్ని. లా పట్టా చేతబట్టుకుని ఖమ్మంలో ముగ్గురు నలుగురు వకీళ్ళ దగ్గరికి వెళ్తే, ఎవరి తాలూకు అమ్మాయివని అడిగారు. ఈమె మాత్రం నన్ను ఎగాదిగా చూసి, కింద కూర్చోగలవా అని అడిగారు. కూర్చోగలనన్నాను. రేపు పొద్దున ఎనిమిదింటికి వచ్చెయ్యమన్నారు.

ఎందుకు కూర్చోవాలో మర్నాడు తెలిసింది. కోర్టు పక్క సందులో ఆమె అద్దెకుండే ఇంటికి పెద్ద వరండా ఉండేది. వాయిదా ఉన్న రోజున గూడేల నుంచి వచ్చిన క్లయింట్లు అక్కడ చాప మీద కూర్చునేవాళ్ళు. ఆమె ఎదురుగా ముక్కాలిపీట మీద మేజిస్ట్రేటులా కూర్చుని అడిగేవారు: ఈ చెట్టు నువ్వే నరికావా? అడవిలోకి గొడ్డలి నువ్వే తీసుకెళ్ళావా? ప్రశ్న పూర్తికాకముందే ఎదుటివాడు "అవ్" అనేవాడు. ఆమె తల పట్టుకుని, మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆ మనిషి నోరు మూసుకుని ఊరుకునేదాకా, లేదంటే "మా వకీలమ్మ చెప్తది" అని ఒక్క ముక్క అనేదాకా ఆ పాఠం నడిచేది. ఒక్కొక్కరికి గంట పట్టేది. ఒకాయనకు మూడు వాయిదాలు పట్టింది.

వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. ఆ గూడేల్లో తగాదా తీర్చే పద్ధతి వేరు. పెద్దలు కూర్చుని అడిగితే, చేసినవాడు చేశానంటాడు. పెద్దలు తప్పు వేస్తారు. తప్పంటే ఓ కోడో, కుంచెడు జొన్నలో, కొంత డబ్బో. అది కట్టాక, రెండు పక్షాలవాళ్ళూ ఒకేచోట కూర్చుని తింటారు. అక్కడితో సరి. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తినవాడిదే తప్పవుతుంది. అలాంటి చోటినుంచి వచ్చిన మనిషికి, తనంతట తను ఒప్పుకుంటే గండం గడుస్తుందని కాక మరేమనిపిస్తుంది? మన కోర్టులో ఒప్పుకోవడంతోనే అసలు గండం మొదలవుతుందని వాళ్ళకు ఎవరు చెప్పాలి? ఎవరూ చెప్పరు కాబట్టి ఈమె చెప్పేవారు, రోజూ, చిరాకుపడుతూ.

నాకది రోత పుట్టించింది. నిజం చెప్పే మనుషుల్ని కూర్చోబెట్టి చెప్పొద్దని నేర్పడం ఏం వకాల్తా అనుకున్నాను. చదువుకుని వచ్చిన పొగరు కూడా ఉంది కదా, ఒకరోజు ఆ మాట అనేశాను కూడా. ఆమె కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ చెప్పిన మాట ఇది: "అబద్ధం చెప్పమంటున్నానా? నోరు మూసుకోమంటున్నా. డబ్బున్నవాడు కోర్టులో నోరు తెరవడం ఎప్పుడైనా చూశావా? వాడి బదులు వకీలు మాట్లాడతాడు. వీళ్ళకి వీళ్ళ నోరే శత్రువు." నేను ఒప్పుకోలేదు.

ఆ ఏడాదే జోగయ్య కేసు వచ్చింది. ముప్పై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, సంతలో నేర్చుకున్న తెలుగు మాట్లాడేవాడు. గాలివానకు అతని గుడిసె నిట్రాడు విరిగింది. ఇంటి మధ్యలో కప్పును మోసే ఆ గుంజ లేకపోతే ఇల్లు లేనట్టే. అదే గాలికి అడవిలో పడిపోయిన టేకు చెట్టు ఒకటి కనిపిస్తే, దానిలోంచి ఒక దుంగ కొట్టి భుజాన వేసుకుని వస్తూ అటవీ శాఖ బీటు ఆఫీసరుకు ఎదురుపడ్డాడు. పరిగెత్తలేదు సరికదా, దుంగ దింపి ఆ ఆఫీసరుకు దణ్ణం పెట్టాడు. ఆ దుంగే సాక్ష్యంగా కోర్టు వెనక దొడ్లోకి చేరింది. అదే వారం, అదే రేంజిలో ఒక సామిల్లుకు పోతున్న లారీ నిండా దుంగలు దొరికాయి. ఆ లారీ కేసూ, ఈ ఒక్క దుంగ కేసూ మా కోర్టులో పక్కపక్క నంబర్లతో వచ్చాయి. లారీలోని టేకుతో ఊరంతటికీ నిట్రాళ్ళు వేయొచ్చని సామ్రాజ్యమ్మ గారు విసుక్కున్నారు.

జోగయ్య వాయిదా రోజున ఆమె ఖమ్మంలో వేరే కేసుకు వెళ్ళాల్సి వచ్చింది. ముందురోజే నాకు ఒకటికి రెండుసార్లు చెప్పారు, పొద్దున్నే అతన్ని వరండాలో కూర్చోబెట్టి పాఠం చెప్పమని. నేను చెప్పలేదు. మర్చిపోలేదు, కావాలనే చెప్పలేదు. అతను పీటకు ఎదురుగా వచ్చి కూర్చుంటే టీ ఇచ్చి, భయపడకు, ఉన్నదున్నట్టు చెప్పు, మిగతాది నేను చూసుకుంటానన్నాను. గాలికి పడిన చెట్టు, సొంతిల్లు, ఒకే దుంగ, జడ్జి గారి మనసు కరిగేలా వాదిద్దామని రాత్రంతా నోట్సు రాసుకున్నాను. నేరం ఒప్పుకున్నాక ఇక వాదించడానికి ఏమీ మిగలదన్న సంగతి పుస్తకంలో చదివినదాన్నే. అయినా నా వాదన మీద నాకంత మోజు.

కోర్టులో మొదట సామిల్లు యజమాని కేసు పిలిచారు. ఆయన రాలేదు. ఆరోగ్యం బాగాలేదని ఆయన వకీలు కాగితం పెట్టాడు, వాయిదా పడింది, అంతా కలిపి రెండు నిమిషాలు. తర్వాత జోగయ్య. మేజిస్ట్రేటు గారు చెడ్డవారేం కాదు, ఓపిగ్గానే చదివి వినిపించి, నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగారు. "అవ్ సారు, నేనే కొట్టిన. ఇంటికి నిట్రాడు కావాలె" అన్నాడు. ఎవరైనా బలవంతపెట్టి చెప్పిస్తున్నారా అని ఆయన మళ్ళీ అడిగారు. జోగయ్య చుట్టూ చూసి, నన్ను చేత్తో చూపించి, "లేదు సారు. గీ అమ్మనే నిజం చెప్పుమన్నది" అన్నాడు. కోర్టంతా నవ్వింది. నేను లేచి నా నోట్సు విప్పేలోపే, జరిమానా, కోర్టు లేచేదాకా హాల్లో కూర్చోవడం అని శిక్ష రాసేశారు. చాలా తేలిగ్గా పోయిందని పక్క వకీళ్ళు నా భుజం తట్టారు. జోగయ్య జరిమానా కట్టి, హాలు వెనక నేల మీద కూర్చున్నాడు. అతని ముఖంలో భారం దిగిన నిమ్మళం కనిపించి, నేనూ గెలిచాననే అనుకున్నాను.

సాయంత్రం బయటికి వస్తే, కోర్టు మెట్ల దగ్గర అతని భార్య ముత్తమ్మ చంకలో కోడితో నిలబడి ఉంది. తప్పు కట్టాం కాబట్టి ఇక అందరం కలిసి తినాలి, దానికి తెచ్చిన కోడి అది. జోగయ్య నేరుగా బీటు ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, రండి సారు, మీరూ మేమూ కలిసి తింటేనే గదా అన్నాడు. ఆ ఆఫీసరు కుర్రాడు, ఈ మధ్యనే ఉద్యోగంలో చేరినవాడు, ఎర్రబడ్డ ముఖంతో నావైపు చూసి, ఏదో గొణిగి బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. జోగయ్య ఆ బండి పోయినవైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నన్నడిగాడు: "గాయన తినకుంటె తప్పు తీరనట్టే గదమ్మా?" అదేం లేదు, అంతా అయిపోయిందన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో.

ఖమ్మం బస్సు దిగి సామ్రాజ్యమ్మ గారు వచ్చేసరికి ముగ్గురం ఆమె వరండాలోనే ఉన్నాం. ఆమె కోడిని చూశారు, నన్ను చూశారు. ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎవరో ఒకరు తినాలి కదా అని గొణుక్కుంటూ, ప్రయాణపు చీర కూడా మార్చుకోకుండా మసాలా నూరి, ముత్తమ్మ చేత కోడి కోయించి, నలుగురికీ ఒకేచోట వడ్డించారు. నేను తినలేకపోతుంటే, తిని తీరాలన్నారు. వాళ్ళు వెళ్ళాక అంట్లు తోముతూ, నావైపు తిరక్కుండానే అన్నారు: "నీ చేతికి మట్టంటకూడదనుకున్నావు. అంటలేదులే. వాడి పేరుకంటింది." ఆమె తిట్లన్నిటిలో నాకు ఇప్పటికీ తగులుతున్నది అదొక్కటే. దానికి గొంతు కూడా పెంచలేదు.

పేరుకు అంటడమంటే ఏమిటో ఆరు నెలల్లో తెలిసింది. పాల్వంచలో ఒక కాంట్రాక్టరు దగ్గర కూలిపనికి గేటుపాసు కావాలంటే పోలీసు విచారణ కాగితం అడిగారు, అందులో శిక్ష పడిందని వచ్చింది, పని పోయింది. మరుసటి ఏడు తొలకరికి ముందు, గోదావరి వైపు ఎవరో రాత్రికి రాత్రి దుంగలు తరలించారు. ఎవరు తరలించారో కనుక్కోవడం కష్టం, రిజిస్టరులో ఉన్న పేరు తీయడం సులువు. జోగయ్యను తీసుకుపోయారు. బెయిలు వచ్చింది, కానీ ఇంటిపన్ను రశీదు చూపించగలిగిన ఇద్దరు జామీను ఉండాలన్నారు. పోడు గట్టు మీద వేసుకున్న గుడిసెకు ఇంటిపన్ను ఎవరు రాస్తారు, రశీదు ఎవరిస్తారు? ఆ గూడెం మొత్తం వెతికినా ఒక్క రశీదు లేదు. బెయిలు కాగితం చేతిలో ఉండగా మనిషి సబ్‌జైల్లో ఉన్నాడు. సామిల్లు యజమానికి మాత్రం, కేసు పెట్టిన సాయంత్రానికే మేడలున్న ఇద్దరు వచ్చి సంతకాలు పెట్టి వెళ్ళారు. తర్వాత లారీ డ్రైవరు ఎవరు ఎక్కించారో తెలియదన్నాడు, సాక్షులు చూడలేదన్నారు, కేసు కొట్టేశారు. ఆయన సంతోషించి మా వకీళ్ళ గదికి చల్లనినీళ్ళ మిషన్ ఒకటి ఇప్పించాడు. దాని మీద ఆయన పేరుంటుంది. ఎండాకాలం మేమంతా ఆ నీళ్ళే తాగాం, నేనూ తాగాను.

సబ్‌జైలుకు వెళ్తే జోగయ్యకు కోపం లేదు, అదే నన్ను చంపింది. నిజంగా అర్థంకాక అడిగాడు: "తప్పు కట్టిన గదమ్మా. కోడి గూడ తిన్నరు. మళ్ళ ఎందుకు అడుగుతున్నరు?" సామ్రాజ్యమ్మ గారు ఎర్రుపాలెం నుంచి తమ్ముణ్ణి పిలిపించారు, నేను మా నాన్నను తీసుకొచ్చాను. వాళ్ళిద్దరూ జామీను నిలబడితే అతను బయటికొచ్చేసరికి తొలకరి వెళ్ళిపోయింది. చేను బీడు పడింది. మా నాన్న తిరుగు బస్సులో, ఇంతకీ ఆ పిల్లగాడు ఏం చేసిండు అని అడిగాడు. ఏమీ చేయలేదన్నాను. మరి నేనెందుకు సంతకం పెట్టిన అన్నాడు. ఆయనది విసుగు కాదు, సందేహం.

ఈసారి పాఠం ఆమే చెప్పారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వారం రోజులు వరసగా. జోగయ్య అంత తొందరగా ఎవరూ నేర్చుకోలేదు. ఏం అడిగినా ఆమె తల పైన గోడకేసి చూసేవాడు. మరీ రెట్టిస్తే "మా వకీలమ్మ చెప్తది" అనేవాడు. కోర్టులోనూ అంతే, గుమాస్తా పేరడిగినా గోడకేసే చూశాడు. మూడేళ్ళు సాగి, రుజువు లేదని ఆ కేసు పోయింది. ఆ రోజు సామ్రాజ్యమ్మ గారు మొదటిసారి నాతో, పర్వాలేదు, పనికొస్తావు అన్నారు. ఇద్దరం సంబరపడ్డాం. అతను నవ్వాడా లేదా అని చూడాలని ఇద్దరికీ తోచలేదు.

కొన్ని నెలలకు, సంత రోజున ముత్తమ్మ ఒక్కతే వచ్చింది. జోగయ్య ఎద్దు పక్కవాళ్ళ మక్కచేను మేసిందట. చిన్న సంగతే. పెద్దలు కూర్చుని, నీ ఎద్దేనా అని అడిగితే అతను వాళ్ళ తలల పైకి చూశాడట. మూడుసార్లు కూర్చున్నారు, మూడుసార్లూ అంతే. చివరికి ఒక్కమాట, మా వకీలమ్మ చెప్తది అన్నాడట. అందుకని పెద్దలు వకీలమ్మను రమ్మన్నారు. అప్పటిదాకా వాళ్ళింట్లో ఎవరూ తినరు, వాళ్ళను ఎవరూ పిలవరు. ముత్తమ్మ అదంతా చెప్పి, "ఇంట్ల గూడ గంతే అమ్మా. అన్నం తిన్నవా అంటె గూడ చెప్తలేడు" అంది.

ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. దారంతా ఆమె గతుకుల్ని తిడుతూనే ఉన్నారు. గూడెంలో పెద్దలు చింత నీడలో కూర్చుని ఉన్నారు, జోగయ్య ఒక పక్కగా గొంతుకూర్చున్నాడు. సామ్రాజ్యమ్మ గారు కోర్టులో లాగే గొంతు పెంచి మొదలుపెట్టారు. ఎద్దు అతనిదే, అతను చెప్పకపోవడం అతని తప్పు కాదు, తను నేర్పింది, తప్పు తన మీద వెయ్యండి, కోడి కాదు మేకనే కడతానన్నారు. అందరికంటే పెద్దాయన చివరిదాకా విన్నాడు. ఎద్దు ఎవరిదో మాకు ముందే తెలుసన్నాడు. నోటితో చెప్పని తప్పుకు కోడి ఎట్లా కోస్తాం, ఏమని కలిసి తింటాం అన్నాడు. తర్వాత ఆమెను, కోపం లేకుండానే, "నువ్వు నేర్పినవ్ గద వకీలమ్మా. నువ్వే మరిపియ్యి" అన్నాడు. ఎంతోమంది జడ్జీలకు ఎదురు చెప్పిన మనిషి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు. జోగయ్య తల ఎత్తలేదు.

తిరుగుదారిలో ఆమె గతుకుల్ని కూడా తిట్టలేదు. మరుసటి వారం నుంచి వరండాలో కొత్త పని పెట్టారు. కేసు ముగిసిన ప్రతివాడినీ మళ్ళీ పిలిపించి, అదే చాప మీద కూర్చోబెట్టి, ఈసారి పీట మీద కాకుండా తనూ చాప మీదే కూర్చుని, మోకాళ్ళను తిట్టుకుంటూ, అదే ప్రశ్న అడిగేవారు. చేశానంటే చేశానని, లేదంటే లేదని, నోటితో చెప్పేదాకా పోనిచ్చేవారు కాదు. ఇది ఎందుకమ్మా అని వాళ్ళడిగితే, అదంతే, చెప్పు అని కసిరేవారు. చాలామంది చెప్పారు. కొందరు సిగ్గుపడి నవ్వారు. జోగయ్యను మాత్రం ఆమె పోయేదాకా అడుగుతూనే ఉన్నారు.

ఆమె పోయి రెండేళ్ళు. ఆ వరండా ఇప్పుడు నేను అద్దెకు తీసుకున్నాను. వాయిదా రోజున ఖమ్మం నుంచి మొదటి బస్సుకే వెళ్తాను. పొద్దున్నే నోరు మూసుకోవడం నేర్పుతాను, అది లేకపోతే ఏమవుతుందో చూశాను కాబట్టి నాకిప్పుడు రోత లేదు, సిగ్గు మాత్రం ఉంది. పైవాళ్ళకు ఉచితంగా దొరికే మౌనాన్ని, కిందివాళ్ళకు కసిరి కసిరి నేర్పాల్సి రావడం మీద ఉన్న కోపం ఏ పిటిషనులోనూ పెట్టడానికి వీల్లేదు. కేసు అయ్యాక వాళ్ళను మళ్ళీ కూర్చోబెట్టి అడుగుతాను. వాయిదా సంత రోజున పడితే ముత్తమ్మ జోగయ్యను వెంటబెట్టుకుని వస్తుంది. మొన్న కూడా వచ్చారు. ఆ ఎద్దు ఎప్పుడో చచ్చిపోయింది. ఆ మక్కచేను వాళ్ళు కూడా మర్చిపోయి ఉంటారు. అయినా చాప మీద అతని ఎదురుగా కూర్చుని, "జోగయ్యా, ఆ ఎద్దు నీదేనా?" అని అడిగాను. అతను నా తల పైన గోడకేసి చూశాడు. ముత్తమ్మ కాసేపు ఎదురుచూసి, సంచి సర్దుకుని, పోదాం పా అని లేచింది. ఆ గూడెంలో, ఆ ఇంట్లో, ఇప్పటికీ వాళ్ళిద్దరే తింటున్నారు.